పాత బి-గ్రేడ్ హారర్ ట్రైలర్లు సినిమాల కంటే ఎందుకు బాగుంటాయి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 1950లు, 60ల నాటి అమెరికన్ బి-గ్రేడ్ హారర్ సినిమాల ట్రైలర్లు రాత్రి ఒకటి మొదలుపెడితే వరసపెట్టి ఇరవై చూసేస్తున్నానన్నారు. తీరా ఏదో ఒకటి నచ్చి అసలు సినిమా పెట్టుకుంటే పావుగంటకే ఆవలింతలు వస్తున్నాయన్నారు. ఇది చెత్తను చూసి నవ్వుకునే సరదాయేనా, లేక అందులో నిజంగా ఏమైనా ఉందా అని అడిగారు.

ఉంది. నేను హైదరాబాదులో ఇరవై ఆరేళ్ళుగా ట్రైలర్లు, టీవీ ప్రోమోలు కట్ చేస్తున్నాను. నాకు పని నేర్పినవాళ్ళలో సగం మంది ఆ పాత ట్రైలర్లు కోసిన ఎడిటర్లే. వాళ్ళ పేర్లు ఎక్కడా వేయలేదు, నాకూ తెలియవు. వాళ్ళ చేతిపని మాత్రం బాగా తెలుసు. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు ఒక సంగతి చెబితే మీ ప్రశ్న సగం తేలిపోతుంది. సినిమా తీశాక అందులోంచి కొన్ని ముక్కలు కోసి ట్రైలర్ చేస్తారని అనుకుంటాం కదా. అక్కడ వరస తిరగబడి ఉండేది. జేమ్స్ నికల్సన్, శామ్యూల్ ఆర్కాఫ్ కలిసి 1954లో ఒక చిన్న కంపెనీ పెట్టారు. తర్వాత అదే అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అయింది. వాళ్ళ దగ్గర మొదట పుట్టేది పేరు. పేరు బాగుందనుకుంటే ఆల్బర్ట్ కాలిస్ చేత పోస్టర్ గీయించేవారు. ఆ రెండూ చూసి థియేటర్ల వాళ్ళు మొగ్గు చూపితే, అప్పుడు కథ రాయడానికి ఎవరినో కూర్చోబెట్టేవారు. 1955లో వాళ్ళు విడుదల చేసిన 'ద బీస్ట్ విత్ ఎ మిలియన్ ఐస్' సంగతి చూడండి. పేరులో పది లక్షల కళ్ళున్నాయి, పోస్టర్ మీద కళ్ళతో నిండిన భూతం ఉంది. సినిమాకేమో అన్ని కళ్ళు చేయించే స్తోమత లేదు. అందుకని గ్రహాంతర జీవి మన చుట్టూ ఉండే జంతువుల కళ్ళతో చూస్తుందని కథలో సర్దారు. చివరికి తెరమీద కనిపించింది పాల్ బ్లైస్‌డెల్ చేసిచ్చిన చిన్న బొమ్మ.

అంటే సినిమా కంటే ముందు మాట పుట్టింది. ఆ మాటను అచ్చంగా మోసుకొచ్చేది పోస్టర్, ట్రైలర్. సినిమా తర్వాత వచ్చి ఆ అప్పు తీర్చాలి. చేతిలో డబ్బు లేదు కాబట్టి తీర్చలేకపోయేది. మీకు పావుగంటకే ఆవలింత వస్తున్నదంటే తప్పు మీలో లేదు.

ఆ డబ్బు ఎందుకు లేదో కూడా చెప్పాలి. 1948లో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు వల్ల పెద్ద స్టూడియోలు తమ చేతిలోని థియేటర్లను వదులుకోవాల్సి వచ్చింది. ఇంకోవైపు టీవీ ఇంట్లోకి వచ్చేసింది. పెద్దలు ఇంట్లో కూర్చుండిపోతే థియేటర్లకు మిగిలింది కుర్రకారు. వాళ్ళు వెళ్ళేది డ్రైవ్-ఇన్‌లకు, అంటే కారులోనే కూర్చుని చూసే ఆరుబయట థియేటర్లకు. 1950ల చివరికి ఆ దేశంలో నాలుగు వేలకు పైగా డ్రైవ్-ఇన్ థియేటర్లు ఉండేవి. ఒక టికెట్టుకు రెండు సినిమాలు, తక్కువ రోజుల్లోనే బొమ్మ మార్పు. సినిమా బాగుందో లేదో ఊళ్ళో మాట పాకేలోపు ఆ బాక్సు ఇంకో ఊరికి వెళ్ళిపోయేది. అలాంటి వ్యాపారంలో సినిమా మీద ఎక్కువ డబ్బు ఎవరూ పెట్టరు, జనాన్ని రప్పించే భారమంతా ముందువారం వేసిన ట్రైలర్ మీద పడుతుంది.

ఇప్పుడు నా పనికి దగ్గరి విషయం. పేదరికం ఆ సినిమాలను ముంచింది గానీ, ట్రైలర్లకు మాత్రం అతికినట్టు సరిపోయింది.

35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండు నిమిషాల ట్రైలర్ అంటే 180 అడుగులు, 2,880 ఫ్రేములు. డెబ్బై నిమిషాల సినిమా అంటే 6,300 అడుగులు. వాళ్ళ దగ్గరున్న భూతం 180 అడుగుల ఫిల్మ్‌కే సరిపోయే భూతం. రబ్బరు సూటు తొడుక్కున్న మనిషిని రెండు సెకన్లు, అంటే మూడడుగుల ఫిల్మ్ మీద చూపించారనుకోండి. కన్ను పోల్చుకునేలోపు షాట్ మారిపోతుంది, మిగతాది మన బుర్ర పూర్తి చేసుకుంటుంది. అదే షాట్ ఐదు సెకన్లు నడిస్తే వీపు మీద జిప్పు ఎక్కడుందా అని వెతకడం మొదలుపెడతాం. ఇక సినిమాలో డబ్బు లేని చోటల్లా మాటలుంటాయి. తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరు సైంటిస్టులు ఒక గదిలో నిలబడి, బయట ఏం జరుగుతోందో ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటారు. కారు వెళ్తూ ఉంటుంది. ఎక్కడిదో పాత మిలిటరీ ఫుటేజీ వస్తుంది. ట్రైలర్ ఎడిటర్ మొదట తీసి పారేసేది అదే. మిగిలినవి ఒక కేక, వెనక్కి తిరిగిన ఒక ముఖం, తలుపు, నీడ. హారర్‌కు కావలసింది చాలావరకు అంతే.

ఇది నా చేతులతో నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ళ క్రితం ఒక ఛానల్‌లో రాత్రి పదిన్నరకు వేసే దయ్యాల సీరియల్‌కు నలభై సెకన్ల ప్రోమో చేయమన్నారు. టేపు చూస్తే గుండె జారిపోయింది. దయ్యం వేసిన అమ్మాయి ముఖానికి పౌడరు అట్టలు కట్టింది, కళ్ళలో పెట్టిన తెల్ల లెన్సులకు నీళ్ళు కారుతున్నాయి, విగ్గు అంచు లైటుకు మెరుస్తోంది. ఎన్నిసార్లు కోసినా నవ్వొస్తోంది. రాత్రి రెండింటికి పాత ట్రైలర్లు గుర్తొచ్చి ఆ అమ్మాయి షాట్లన్నీ పక్కన పెట్టేశాను. ర‌ష్‌లో అంటే ఎడిట్ చేయని ముడి ఫుటేజీలో ఎవరూ పట్టించుకోని రెండు షాట్లు దొరికాయి. ఒకటి, తలుపు గడియ గాలికి ఊగి కొక్కేనికి తగులుతున్నది. రెండోది, మంచం కింద ఒంటి చెప్పు. గడియ చప్పుడు మూడుసార్లు వేశాను. నాలుగోసారి చప్పుడు రావలసిన చోట సౌండు పూర్తిగా తీసేసి తొమ్మిది ఫ్రేములు ఆ అమ్మాయిని చూపించాను. సెకనులో మూడో వంతు. పౌడరు కనపడలేదు, విగ్గు కనపడలేదు, రెండు తెల్లటి కళ్ళు మాత్రం కనపడ్డాయి. ప్రసారమైన రాత్రి మా అమ్మ ఫోన్ చేసి, "అదేందిరా, ఆ గడియ చప్పుడు! వంటింట్లో లైటు తీయాలంటే భయమేస్తోంది" అంది. ఆ అమ్మాయి గురించి ఒక్క మాట కూడా అనలేదు.

ఆ ట్రైలర్లలో మిమ్మల్ని కట్టిపడేసే రెండో సంగతి, అవి నేరుగా మీతో మాట్లాడటం. ఇప్పటి ట్రైలర్ కథ చెబుతుంది. హీరో ఎవరు, విలన్ ఎవరు, మలుపు ఎక్కడ అన్నీ వరసగా పెడుతుంది. ఆ పాత ట్రైలర్‌కు కథ అక్కర్లేదు. "మీరు తట్టుకోగలరా? గుండె ధైర్యం ఉందా? ఒంటరిగా రావద్దు" అంటుంది. అందులో ముఖ్య పాత్ర ప్రేక్షకుడే.

ఈ విద్యలో అందెవేసిన చేయి అమెరికన్ దర్శకుడు విలియం క్యాజిల్. 1958లో 'మకాబ్ర' అనే సినిమాకు ఆయన ప్రేక్షకులందరికీ బీమా చేయించాడు. సినిమా చూస్తూ భయంతో ఎవరైనా చనిపోతే లండన్ లాయిడ్స్ వాళ్ళు వెయ్యి డాలర్లు ఇస్తారు. మరుసటి ఏడాది 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్'కు థియేటర్‌లో తీగ మీద అస్థిపంజరాన్ని జనం తలల మీదుగా నడిపించి, దానికి 'ఎమెర్గో' అని పేరు పెట్టాడు. అదే ఏడాది వచ్చిన 'ద టింగ్లర్'లో భయం పుట్టినప్పుడు మనిషి వెన్నెముకలో ఒక పురుగు పెరుగుతుంది, గట్టిగా అరిస్తేనే దాని పట్టు సడలుతుంది. దానికోసం కొన్ని సీట్ల కింద చిన్న మోటార్లు బిగించి సమయానికి అదిరేలా చేశాడు. ఆ సినిమా మొదట్లో క్యాజిల్ స్వయంగా తెరమీదికొచ్చి, మీలో కొందరికి ఒంట్లో వింత అనుభూతి కలగబోతోంది, అప్పుడు సిగ్గుపడకుండా గట్టిగా అరవండి, అదొక్కటే మిమ్మల్ని కాపాడుతుంది అని చెబుతాడు. 1961లో 'హోమిసైడల్'కు క్లైమాక్స్ ముందు తెరమీద గడియారం వేసి 45 సెకన్లు సినిమా ఆపాడు. భయమేసినవాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు, డబ్బు వాపసు. కాకపోతే వాళ్ళు అందరూ చూస్తుండగా పసుపు గీత వెంట నడిచి 'పిరికివాళ్ళ మూల'కు వెళ్ళాలి. ఇంత హంగామా ఉందని ముందే ఊరికి చెప్పకపోతే ఎవరూ రారు. అందుకే ఆయన ప్రచారంలో సినిమా బిట్లకు ఎంత చోటుందో ఈ సవాలుకూ అంత చోటుంది.

మన దగ్గరా ఈ సవాలు పాతదే. మా చిన్నప్పుడు ఇంగ్లీషు దయ్యం సినిమా ఏదొచ్చినా, రాత్రి ఆటకు ఒక్కడే హాల్లో కూర్చుని చూస్తే డబ్బులిస్తారట అనే మాట ఊరంతా తిరిగేది. ఎవరిస్తారో, ఎవరికిచ్చారో ఎవరికీ తెలియదు, కానీ హాలు నిండిపోయేది. 2008లో రామ్ గోపాల్ వర్మ 'ఫూంక్' హిందీలో తీసినప్పుడు, థియేటర్లో ఒంటరిగా కూర్చుని మొత్తం చూసినవాళ్ళకు ఐదు లక్షలని ప్రకటించడం మీకూ గుర్తుండే ఉంటుంది. క్యాజిల్ బీమాకు అది యాభై ఏళ్ళ తర్వాతి తమ్ముడు.

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ అంతటివాడు ఈ పద్ధతిని తీసుకున్నాడు. 1960లో టీవీ యూనిట్‌తో, సుమారు ఎనిమిది లక్షల డాలర్ల ఖర్చుతో 'సైకో' తీశాక, దానికి ఆరు నిమిషాలకు పైగా ఉండే ట్రైలర్ చేశాడు. అందులో సినిమా సీను ఒక్కటీ లేదు. ఆయనే సినిమాలోని మోటెల్ ఆవరణలో, దాని పక్కింట్లో ఇల్లు చూపించే మనిషిలా తిరుగుతూ ఇక్కడ ఇది జరిగింది, అక్కడ అది జరిగింది అంటుంటాడు. వాక్యం సగంలో ఆపి చెయ్యి ఊపేస్తాడు, తలచుకోవడానికే బాగోలేదన్నట్టు. చివర స్నానాల గది, అంతా శుభ్రంగా తుడిచేశారంటాడు, కర్టెన్ చప్పున లాగుతాడు. ఒక ముఖం, ఒక కేక. ఆ అరిచింది సినిమాలో అక్కడ చనిపోయే జానెట్ లీ కాదు, విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్. ట్రైలర్ల పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటిరోజు నేను చూపించేది ఇదే. ఆయన ఏం చెబుతున్నాడో వదిలేసి, ఎక్కడెక్కడ మాట ఆపుతున్నాడో రాసుకోమంటాను.

గొంతు గురించి చెప్పకపోతే సగం వదిలేసినట్టే. మా ఊళ్ళో సినిమా మారిన రోజు రిక్షాకు రెండువైపులా పోస్టర్లు కట్టి, మైకు పెట్టి, "నేడే చూడండి! రేపటి నుంచి కాదు, నేడే!" అంటూ ఒకాయన వీధివీధీ తిరిగేవాడు. వెనక రంగు కాగితాలు విసిరేవారు, మేం పిల్లలం పరిగెత్తి ఏరుకునేవాళ్ళం. సినిమా చూస్తామన్న ఆశ లేకపోయినా ఆ గొంతు వింటే ఒళ్ళు పులకరించేది. చాలా ఏళ్ళ తర్వాత ఆ అమెరికన్ ట్రైలర్లు మొదటిసారి విన్నప్పుడు నాకు వెంటనే తట్టింది ఆ రిక్షా గొంతే. సంత గొంతు అది. అమ్ముతున్నానని దాచుకోదు. ఆర్ట్ గిల్మోర్ లాంటి రేడియో అనౌన్సర్లు అక్కడ ట్రైలర్లకు గొంతిచ్చేవారు. రేడియోలో పెరిగినవాళ్ళకు బొమ్మ లేకుండా మాటతో గది కట్టడం వచ్చు. అందుకే తెరమీద ఏమీ లేకపోయినా వాళ్ళ మాటతో నిండుగా ఉంటుంది.

అక్షరాలూ అంతే. కారుతున్న అక్షరాలు, పగిలిన అక్షరాలు, తెర లోతుల్లోంచి దూసుకొచ్చి మీద పడేవి, ప్రతి మాటకూ ఒక ఆశ్చర్యార్థకం. ఒక ఫిల్మ్ మీది బొమ్మను ఇంకో ఫిల్మ్ మీదికి తీసే ఆప్టికల్ ప్రింటర్ అనే యంత్రం మీద ఫ్రేము తర్వాత ఫ్రేము చేసిన పని అది. నటుడికి డబ్బివ్వలేనప్పుడు అక్షరం చేత నటింపజేశారు. సంగీతం చాలాసార్లు ఆ సినిమాది కాదు. ట్రైలర్ కట్ చేసే వేళకు ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, అయ్యేది కాదు, లైబ్రరీలోంచి ఏదో తీసి అతికించేవారు. కొన్నిసార్లు ట్రైలర్‌లో ఉన్న షాట్ సినిమాలో కనపడదు, తర్వాత ఎడిటింగ్‌లో లేచిపోయి ఉంటుంది. అలాంటి షాట్లు దొరికితే రాసిపెట్టుకోండి, నాకు వాటిని వెతకడం పెద్ద ఇష్టం.

ఇక గీతలు, వెలిసిన రంగులు. అక్కడ థియేటర్లకు ట్రైలర్లు సరఫరా చేసేది ఎక్కువగా నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ. అద్దెకివ్వడం, ఆడాక వెనక్కి తీసుకోవడం. ఒకే ముక్క ఊరూరా ప్రొజెక్టర్లలో తిరిగి తిరిగి బొమ్మలో వాన కురిసేది. కలర్ ప్రింట్లయితే మరీను. ఈస్ట్‌మన్ కలర్‌లో కాలం గడిచేకొద్దీ నీలం, ఆకుపచ్చ పోయి గులాబీ ఎరుపు మిగులుతుంది. ఆ ఎరుపును ఎవరూ ఉద్దేశపూర్వకంగా పెట్టలేదు, కానీ హారర్‌కు బాగా నప్పింది. రిస్టోర్ చేసిన మెరిసే ప్రింటూ, అరిగిపోయిన ప్రింటూ రెండూ దొరికితే నేను అరిగిందే చూస్తాను. ఆ గీతల వెనక ఎన్ని ఊళ్ళు, ఎన్ని రాత్రి ఆటలు ఉన్నాయో తెలుస్తుంది.

నవ్వు సంగతి అడిగారు. నవ్వు వస్తుంది, రానివ్వండి. క్యాజిల్ అస్థిపంజరం తల మీదుగా వెళ్తుంటే పిల్లలు పాప్‌కార్న్ డబ్బాలు విసిరి కొట్టేవారట. ఒకే నోటితో అరుస్తూ, నవ్వుతూ. విఠలాచార్య సినిమాల్లో దయ్యాలొచ్చినప్పుడు మన హాళ్ళలో లేచిన గోల కూడా అలాంటిదే. ఆ నవ్వు ఆటలో భాగం. నాకు నచ్చనిది, మనకే అన్నీ తెలిసినట్టు ఆ కాలపు జనాన్ని అమాయకులుగా చూసే నవ్వు. పోస్టర్ మీద ఉన్న భూతం తెరమీద ఉండదని డ్రైవ్-ఇన్‌కు వచ్చిన కుర్రాళ్ళకు బాగా తెలుసు. రెండుసార్లు మోసపోయినవాడు మూడోసారి కూడా వచ్చాడంటే వాడికి కావలసింది ఇంకేదో దొరికింది. స్నేహితులతో కలిసి చీకట్లో కూర్చోవడం, సవాలు స్వీకరించడం, భయపడ్డానని ఒప్పుకోకపోవడం. ట్రైలర్ అమ్మింది దాన్నే, ఇచ్చింది కూడా దాన్నే.

అన్నిటినీ వెనకేసుకు రాను. 1963లో హెర్షెల్ గోర్డన్ లూయిస్ తీసిన 'బ్లడ్ ఫీస్ట్' తర్వాత ఈ రకం ట్రైలర్లలో చాలా వాటికి దాచడం పోయింది. నెత్తురు, కోసిన శరీరాలు, ముఖ్యంగా ఆడవాళ్ళ శరీరాలు నేరుగా చూపించడం మొదలైంది. అక్కడ ఎడిటర్‌కు చేయడానికి పనేమీ ఉండదు. వాటిని వృత్తి కోసం చూశాను, మళ్ళీ చూడాలనిపించలేదు.

1970లలో మళ్ళీ ఒక మంచి చెయ్యి పడింది. నిర్మాత రోజర్ కోర్మన్ కంపెనీ న్యూ వరల్డ్ పిక్చర్స్‌లో జో డాంటే, అలన్ ఆర్కుష్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ట్రైలర్లు కట్ చేసేవారు. వాళ్ళ దగ్గర హెలికాప్టర్ పేలే షాట్ ఒకటి ఉండేది. ట్రైలర్ నీరసంగా ఉందనిపిస్తే అది తెచ్చి పెట్టేవారు, ఆ సినిమాలో హెలికాప్టర్ లేకపోయినా సరే. ఆ డాంటేనే తర్వాత పెద్ద దర్శకుడై, 2007లో 'ట్రైలర్స్ ఫ్రమ్ హెల్' అనే సైట్ పెట్టాడు. దర్శకులు ఒక్కో పాత ట్రైలర్ పెట్టుకుని దాని మీద మాట్లాడతారు. మీరు వరసపెట్టి చూసే ఇరవైలో ఐదు అక్కడివి పెట్టుకోండి. మిగతావి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్‌లో దొరుకుతాయి. అప్పటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్ నోటీసు వేయాలి. చాలా ట్రైలర్ల మీద అది వేయలేదు, అందువల్ల అవి అందరి సొత్తయిపోయాయి. నిశ్చింతగా దించుకుని మీ సిస్టంలో పెట్టి ఫ్రేము ఫ్రేమూ చూడొచ్చు.

చూసేటప్పుడు ఒకే ట్రైలర్‌ను మూడుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి సౌండు తీసేసి, భూతం మొత్తం ఎన్ని సెకన్లు కనపడిందో వేళ్ళమీద లెక్కపెట్టండి. మూడోసారి కళ్ళు మూసుకుని వినండి. మూడోసారే ఎక్కువ భయమేస్తే మీరు చూస్తున్నది మంచి ట్రైలర్.

అసలు సినిమాలు ఒక్కటీ నిలవవా అంటే, నిలిచేవి ఉన్నాయి. 'ద టింగ్లర్' వదలొద్దు. నలుపు తెలుపు సినిమాలో బాత్‌టబ్ నిండా ఉన్న నెత్తురు ఒక్కటే ఎర్రగా కనిపించే ఘట్టం ఉంది, దానికోసమైనా చూడాలి. 1962లో హెర్క్ హార్వీ తీసిన 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' ఇంకా మంచిది. యూటాలో గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున పాడుబడిపోయిన సాల్టేర్ అనే పాత వినోదశాల కనపడి, అక్కడ ఒక కథ ఉండాలనిపించి తీశాడు. భూతాల ముఖాలకు తెల్ల మేకప్, అంతే, పైసా ఖర్చు లేదు. అయినా ఆ పాడు భవనం మిమ్మల్ని నిద్రపోనివ్వదు.

వీటన్నిటికంటే ముందు మీరు చెప్పిన కాలానికి పదేళ్ళు వెనక్కి వెళ్ళి 1942 నాటి 'క్యాట్ పీపుల్' చూడండి. ఆర్కేఓ స్టూడియో వాళ్ళు వాల్ లూటన్ అనే నిర్మాత చేతిలో పేరు మాత్రం పెట్టి, తక్కువ డబ్బిచ్చి, దీనికి సినిమా తీసుకురా అన్నారు. ఆయనా, దర్శకుడు జాక్ టూర్నర్ కలిసి ఆ పిల్లిని చీకట్లోనే ఉంచి తీశారు. అందులో ఒక అమ్మాయి రాత్రివేళ ఒంటరిగా ఈతకొలనులో దిగుతుంది. చుట్టూ చీకటి. నీళ్ళ మీది వెలుగు గోడల మీద, పైకప్పు మీద పాకుతూ ఉంటుంది. ఎక్కడో గుర్రుమన్న చప్పుడు. ఆ అమ్మాయి నీళ్ళ మధ్యలో గిరగిరా తిరుగుతూ అరుస్తుంది. దాన్ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, చూశాక అక్కడ మీకేం కనపడిందో ఇక్కడ రాయండి.